పాత షెవీ పికప్ బాడీని ఎస్10 ఛాసిస్ మీద కూర్చోబెట్టడం ఎలా

నేను పుట్టి పెరిగింది విజయవాడ ఆటోనగర్ దగ్గర. అక్కడ కంపెనీ నుంచి లారీ ఛాసిస్ ఒంటరిగా వస్తుంది, దాని మీద క్యాబిన్, తొట్టి కట్టేది మనవాళ్ళే. మా మేనమామ షెడ్డులో ఒక మాట రోజూ వినిపించేది: "ఛాసిస్ లెవెల్ చూడకుండా బాడీ మీద చెయ్యి వెయ్యకురా." ఇప్పుడు నేనుండేది టెక్సస్‌లో, డాలస్‌కు ఉత్తరాన. ఇక్కడ నేను చేసే పని, 1950ల నాటి షెవర్లే (ఇక్కడ ముద్దుగా షెవీ) పికప్ బాడీని 1990ల నాటి ఎస్10 అనే చిన్న షెవీ పికప్ ఛాసిస్ మీద కూర్చోబెట్టడం. ఈ పనిలో వెల్డింగ్ తక్కువ, కొలతలు ఎక్కువ. మొదలుపెట్టేవాళ్ళు ముందు గ్రైండర్ కొంటారు. ముందు కొనాల్సింది మంచి టేపు, ఒక తూకం గుండు, పొడవాటి లెవెల్.

1947 మధ్య నుంచి 1955 మొదటి నెలల దాకా షెవర్లే తయారుచేసిన గుండ్రటి ముక్కు ట్రక్కులను అడ్వాన్స్ డిజైన్ ట్రక్కులంటారు. వాటిలో అర టన్ను మోడల్ పేరు 3100. చాలా ఏళ్ళపాటు వీటిలో వచ్చింది 216 క్యూబిక్ అంగుళాల, ఆరు సిలిండర్ల ఇంజన్. బ్యాటరీ 6 వోల్టులు, నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులు, ముందు కమాన్ పట్టీల మీద రెండు చక్రాలనూ కలిపే ఒకే ముక్క సాలిడ్ యాక్సిల్. పొలం దారికి అది చాలు. 75 మైళ్ళ వేగంతో లారీలు పక్కనుంచి దూసుకెళ్ళే హైవే మీద పిల్లల్ని కూర్చోబెట్టుకుని నడపడానికి మాత్రం చాలదు.

మీ ట్రక్కు ఫ్రేమ్ నిటారుగా ఉండి, ఇంజనూ గేర్‌బాక్సూ అన్నీ ఉంటే ఈ పని చేయకండి. పాత ఫ్రేమ్‌కే డిస్క్ బ్రేకులు, ముందు కొత్త సస్పెన్షన్ వేసుకుంటే సరిపోతుంది, చరిత్రా మిగులుతుంది. ఫ్రేమ్ వంగిపోయినవి, ఇంజన్ ఎప్పుడో పోయి చెట్టు కింద పడి ఉన్నవి, వాటికే ఈ మార్గం.

కింద ఏ ఛాసిస్ వేయాలన్నది వీల్‌బేస్, అంటే ముందు వెనక చక్రాల మధ్య దూరం తేలుస్తుంది. 3100 వీల్‌బేస్ 116 అంగుళాలు. షెవీ ఎస్10 లో మామూలు క్యాబ్, పొట్టి బెడ్ (వెనక తొట్టి) ఉన్నది సుమారు 108.3, ఎక్స్‌టెండెడ్ క్యాబ్ 122.9, మామూలు క్యాబ్‌తో పొడవు బెడ్ ఉన్నది 117.9. కావాల్సింది ఈ చివరిదే, అదీ టూ వీల్ డ్రైవ్. మిగిలిన తేడా రెండు అంగుళాలకు కాస్త తక్కువ. దానికోసం ఫ్రేమ్ కోయమని చాలామంది చెబుతారు. నేను కోయను. వెనక కమాన్ పట్టీల హ్యాంగర్లు ముందువీ వెనకవీ సమానంగా ముందుకు జరిపి, డ్రైవ్‌షాఫ్ట్ ఆ మేరకు కుదించుకుంటే మెయిన్ రైలు, అంటే ఫ్రేమ్ పొడవునా ఉండే ఇనుప దూలం చెక్కుచెదరదు. కోయక తప్పని ఫ్రేమ్ అయితే నిలువుగా కోసి అతికించకండి, ఏటవాలుగా కోసి లోపల పలక వేయించండి, ఆ వెల్డింగ్ సర్టిఫికెట్ ఉన్న వెల్డర్‌తోనే చేయించండి.

ఒట్టి ఫ్రేమ్ చవగ్గా దొరుకుతుంది కానీ వద్దు. నడిచే బండి మొత్తం కొనండి. వైరింగ్, కంప్యూటర్, పెడళ్ళు, స్టీరింగ్ కాలమ్, పెట్రోల్ ట్యాంకు అన్నీ దాని నుంచే రావాలి. కొన్నాక వెంటనే విప్పకుండా కొన్నాళ్ళు నడపండి. గేరు జారుతుందా, బ్రేకు ఒక పక్కకు లాగుతుందా అన్నది అప్పుడే తెలుస్తుంది.

విప్పే ముందు చేయాల్సిన పని ఒకటుంది, మొత్తం పనికి పునాది అదే. బండిని చదునైన కాంక్రీటు మీద నిలబెట్టి, ఫ్రేమ్ మీద నాలుగు చోట్ల నేల నుంచి ఎత్తు కొలిచి రాసిపెట్టండి. ముందు చక్రం మధ్య బిందువు నుంచి తూకం గుండు వదిలి నేల మీద సుద్దతో గీయండి, అదే గీతను ఫ్రేమ్ మీదికి ఎక్కించి పంచ్‌తో గుర్తు కొట్టండి. ఎందుకంటే బాడీ తీసేయగానే బరువు తగ్గి స్ప్రింగులు పైకి లేస్తాయి. ఆ లేచిన ఫ్రేమ్ మీద క్యాబ్ లెవెల్ చేస్తే, బండి పూర్తయ్యాక క్యాబ్ ముక్కు కిందికో పైకో వాలుతుంది. అందుకే బాడీ విప్పాక ఫ్రేమ్‌ను స్టాండ్ల మీద పెట్టి, రాసుకున్న ఎత్తులకే తీసుకురండి. ఆ స్టాండ్లు పని అయ్యేదాకా కదలకూడదు. పాత బాడీ బరువు వేరు కాబట్టి చివర్లో స్ప్రింగులతో కొంచెం సర్దుకోవాల్సి రావచ్చు, అయినా లెక్క మొదలవ్వాల్సింది అక్కడే.

క్యాబ్ సంగతి. ఈ ట్రక్కులకు తుప్పు పట్టేది వెనక మూలల్లోనూ, ఫ్లోరు కింద, క్యాబ్ ఫ్రేమ్ మీద కూర్చునే మౌంట్ల దగ్గరా. ఆ రెండూ ముందే బాగుచేయించండి. ఫ్లోరు కోసే ముందు తలుపు ఖాళీల్లో ఇనుప ట్యూబులు అడ్డంగా, ఐమూలగా టాక్ వెల్డ్ (చుక్కలు చుక్కలుగా తాత్కాలిక వెల్డింగ్) చేయాలి, లేకపోతే క్యాబ్ విచ్చుకుని తలుపు మళ్ళీ జన్మలో పడదు.

ఇప్పుడు క్యాబ్‌ను చెక్క దిమ్మల మీద ఫ్రేమ్ పైన నిలబెట్టండి. వెల్డింగ్ మాట ఇంకా లేదు. ముందు ఫెండర్లు, రేడియేటర్ సపోర్టు, గ్రిల్, బానెట్ అన్నీ క్యాబ్‌కు బిగించండి. మీరు చివరికి వాడబోయే టైర్లే చక్రాలకు ఉండాలి. తర్వాత బాడీ మొత్తాన్ని ముందుకూ వెనక్కీ జరుపుతూ ముందు చక్రం ఫెండర్ వంపులో సరిగ్గా మధ్యకు వచ్చేలా చూడండి. కొలత ఎంత చెప్పినా చివరి మాట కంటిదే. ఇరవై అడుగులు వెనక్కి వెళ్ళి చూడండి, ఒక రాత్రి అలాగే వదిలి మర్నాడు పొద్దున మళ్ళీ చూడండి. ఈ దశలో తొందరపడిన ట్రక్కులు చూడగానే తెలిసిపోతాయి, చక్రం వంపులో వెనక్కి జరిగి ఉంటుంది. ఎస్10 చక్రాల మధ్య వెడల్పు కూడా తక్కువే. చక్రం ఫెండర్ లోపల దాక్కున్నట్టుంటే లావు స్పేసర్లు వేయకుండా, బ్యాక్‌స్పేసింగ్ (బోల్టులు బిగించే ముఖం నుంచి రిమ్ము లోపలి అంచు దాకా దూరం) తక్కువున్న రిమ్ములు కొనండి.

చోటు కుదిరాక ఇంజన్ చూడండి. 4.3 లీటర్ల వీ6 పొట్టిదే కానీ ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ దాని వెనక కొసన ఉంటుంది. ఫైర్‌వాల్‌కూ (ఇంజన్‌కూ క్యాబ్‌కూ మధ్య రేకు గోడ) దానికీ మధ్య క్యాప్ ఊడదీసి మళ్ళీ పెట్టేంత జాగా ఉండాలి. గేర్‌బాక్స్ తగిలే చోట ఫ్లోరు కోసి దాని మీద రేకుతో కొత్త టన్నెల్ (గూడు) కట్టాలి.

మౌంట్లకు 3/16 అంగుళం మందం పలక వాడతాను. ఆటోనగర్‌లో నేర్చుకున్న నియమం ఇక్కడా అదే: రైలు పై అంచు మీద, కింది అంచు మీద అడ్డంగా వెల్డింగ్ వేయకూడదు, ఫ్రేమ్ అక్కడే చీలుతుంది. బ్రాకెట్టును రైలు నిలువు ముఖానికి గ్రేడ్ 8 బోల్టులతో బిగించండి. క్యాబ్‌కూ బ్రాకెట్టుకూ మధ్య రబ్బరు తప్పనిసరి. పాత ట్రక్కులో క్యాబ్ వెనక మౌంట్లకు ఊగే లింకులుండేవి, గుంటల్లో ఫ్రేమ్ మెలితిరిగితే క్యాబ్ మెలితిరగకుండా. ఆ ఆలోచనను పారేయకండి, క్యాబ్‌ను ఇనుముకు ఇనుముగా బిగించకండి. ప్రతి బోల్టు బిగించాక తలుపు వేసి తీసి చూడండి.

స్టీరింగ్ దగ్గర డబ్బు మిగుల్చుకోవద్దు. పాత కాలమ్ ఒకే ముక్క ఇనుప గొట్టం, ముందు గుద్దుకుంటే నేరుగా గుండెల మీదికి వస్తుంది. గుద్దినప్పుడు ముడుచుకునే కాలమ్ వేయండి, ఎస్10 దే సరిపోతుంది. మధ్యలో షాఫ్ట్ వంగి తిరిగేందుకు వేసే యూ-జాయింట్ వంపు 35 డిగ్రీలు దాటకూడదు. మూడు జాయింట్లు అవసరమైతే మధ్య షాఫ్ట్‌కు సపోర్ట్ బేరింగ్ ఉండి తీరాలి. స్టీరింగ్ చక్రాన్ని ఈ కొస నుంచి ఆ కొస దాకా తిప్పి ఎక్కడా పట్టేయడం లేదని, ఎగ్జాస్ట్‌కు తగలడం లేదని చూసుకోండి.

పాత ట్రక్కులో బ్రేకు మాస్టర్ సిలిండర్ ఫ్లోరు కింద ఉండేది. అక్కడే కొత్తది పెడితే అది చక్రాల దగ్గర డిస్కును నొక్కి పట్టే కాలిపర్ల కంటే కిందికి రావచ్చు, ఫ్లూయిడ్ వెనక్కి జారుతుంది. అప్పుడు డిస్కు లైనులో 2 పీఎస్ఐ, డ్రమ్ లైనులో 10 పీఎస్ఐ ఒత్తిడి నిలిపి ఉంచే రెసిడ్యువల్ వాల్వులు వేయాలి. ఫైర్‌వాల్ మీద పెట్టే వీలుంటే ఈ బాధ లేదు, కానీ ఆ పల్చటి రేకు వెనక బలమైన పలక వేయండి.

1949 నుంచి ఈ ట్రక్కుల పెట్రోల్ ట్యాంకు క్యాబ్ లోపల, సీటు వెనక. దాన్ని తీసేయండి. ఎస్10 ట్యాంకు, దాని పంపు అలాగే వాడండి. టీబీఐ (థ్రాటిల్ బాడీలో పెట్రోల్ చిమ్మే) ఇంజన్‌కు 9 నుంచి 13 పీఎస్ఐ చాలు, 1996 నుంచి వచ్చిన వోర్టెక్ ఇంజన్‌కు సుమారు 60 కావాలి. టీబీఐ పంపు తెచ్చి వోర్టెక్‌కు వేస్తే ఇంజన్ స్టార్ట్ కాదు. ఫ్రేమ్ మీద వెల్డింగ్ చేసే ప్రతిసారీ బ్యాటరీ, కంప్యూటర్ ఊడదీయాలి, ట్యాంకు షెడ్డు బయట ఉండాలి. రబ్బరు మౌంట్ల మీద క్యాబ్‌కు ఎర్త్ ఉండదు కాబట్టి క్యాబ్ నుంచి ఫ్రేమ్‌కు, ఫ్రేమ్ నుంచి ఇంజన్‌కు ఎర్త్ పట్టీలు వేయండి. లైట్లు వెలిగీ వెలగనట్టుంటే ముందు చూడాల్సింది వీటినే.

కాగితాల పని బండి కొనకముందే చూసుకోవాలి. పాత ట్రక్కు మీద కంపెనీ వేసిన గుర్తింపు నంబరు రేకునైనా, ఎస్10 విన్ (బండి గుర్తింపు) నంబరునైనా పీకడం, ఒకదాని మీంచి ఇంకోదానికి మార్చడం నేరం. టెక్సస్‌లో ఇలా మార్చిన పాత బండ్లకు 1949కి ముందువైతే స్ట్రీట్ రాడ్, 1949వీ ఆ తర్వాతివీ అయితే కస్టమ్ వెహికల్ అన్న కేటగిరీలున్నాయి. కౌంటీ ట్యాక్స్ ఆఫీసుకు వెళ్ళి ఏ కాగితం కావాలో ముందే అడగండి. 2025 జనవరి నుంచి ఇక్కడ మామూలు బండ్లకు సేఫ్టీ తనిఖీ ఎత్తేశారు. అంటే మీ వెల్డింగ్‌ను ఎవరూ చూడరు. అందుకే డబ్బిచ్చి మరీ ఒక మంచి ఫ్రేమ్ షాపుకు చూపించుకోవాలి. హైదరాబాద్ నుంచి మిత్రులు అడుగుతుంటారు, మన దగ్గర చేయొచ్చా అని. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఇలాంటి మార్పులకు అడ్డు, 2019లో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. ఆర్టీవో అనుమతి లేకుండా రోడ్డు మీదికి తేవద్దు.

రోడ్డెక్కే ముందు వీల్ అలైన్‌మెంట్ చేయించండి. మొదట ఊళ్ళో, తక్కువ వేగంతో నడపండి. 100 మైళ్ళకు ఒకసారి, 500 మైళ్ళకు ఇంకోసారి కిందికి దూరి క్యాబ్ మౌంట్లు, వెనక యూ-బోల్టులు, స్టీరింగ్ జాయింట్ల స్క్రూలు టార్క్ రెంచ్‌తో బిగించండి. రబ్బరు కూర్చునే కొద్దీ క్యాబ్ బోల్టులు వదులవుతాయి, మొదటిసారి ఎక్కువ తిరిగేవి అవే.