కుందేలు పళ్ళ తంటా: గిన్నె దగ్గర మొదలు

కుందేలుకు 28 పళ్ళు. అన్నీ బతికున్నంత కాలం పెరుగుతూనే ఉంటాయి, ముందు పళ్ళయితే వారానికి దాదాపు 2 మిల్లీమీటర్లు. అవి అరగాలంటే రోజంతా గడ్డి నమలాల్సిందే. బెంగళూరు ఫ్లాట్లలో మనవాళ్ళు క్యారెట్, బిస్కెట్, మరమరాలతో ముద్దు చేస్తారు. తిప్పలన్నీ అక్కడే మొదలవుతాయి.

గడ్డం కింద తడి, నోట్లోంచి మేత జారిపోవడం

క్యారెట్ వాసన చూసి వదిలేస్తుంది, కొత్తిమీర మాత్రం తింటుంది. అంటే ఆకలి ఉంది, నమలలేకపోతోంది. దవడ పళ్ళు సరిగ్గా అరగక అంచుల్లో ముళ్ళలా మొలుస్తాయి. కింది పళ్ళవి నాలుకను, పై పళ్ళవి బుగ్గను కోస్తాయి. నోరు చిన్నది కాబట్టి ఇంట్లో మనం ఎంత చూసినా ఇవి కనబడవు. డాక్టరు మత్తిచ్చి అరగదీయాలి.

ఏ డాక్టరుకైనా కుక్కలు, పిల్లులు అలవాటే, కుందేలు సంగతి వేరు. మత్తుకు ముందు రాత్రంతా పస్తు పెట్టమన్నారంటే ఇంకో చోట అడగండి. పస్తు పెట్టేది మత్తులో వాంతి కాకుండా ఉండేందుకు; కుందేలుకు వాంతి అన్నదే రాదు, పస్తు దాని పేగులకే ముప్పు. హెబ్బాళ వెటర్నరీ కాలేజీలోనూ విచారించవచ్చు.

గడ్డి ముట్టదు, పెల్లెట్లు (గుళికల మేత) మాత్రం ఖాళీ

ఎక్కువమంది చెప్పేది ఇదే. నా లెక్కలో తప్పు కుందేలుది కాదు. గిన్నె నిండా పెల్లెట్లుంటే గడ్డి ఎవరు నములుతారు? పెల్లెట్ రెండు కొరుకులకే పొడైపోతుంది. గడ్డికైతే దవడ అటూ ఇటూ కదలాలి, ఆ రాపిడికే పళ్ళు అరుగుతాయి.

రెండు కిలోల పెద్ద కుందేలుకు రోజుకు రెండు టేబుల్‌స్పూన్ల పెల్లెట్లు చాలు. ఒక్కసారిగా కాకుండా రెండు మూడు వారాల్లో తగ్గించండి. ఎండుగడ్డి, తిమోతీ గానీ ఓట్ గానీ, కనీసం దాని ఒంటి సైజంత కుప్ప రోజూ ఉండాలి. వానాకాలంలో గడ్డి ప్యాకెట్ చెమ్మగిల్లితే ముక్కవాసన వస్తుంది, అది పారేయండి. గుడి దగ్గర పూలకొట్లలో వినాయకుడికి అమ్మే గరిక కట్ట మంచి మేత. బాగా కడిగి, మొదట్లో కొద్దికొద్దిగా పెట్టండి.

ముందు పళ్ళు వంకరగా, పొడుగ్గా

మూతి పొట్టిగా ఉండే జాతుల్లో ఇది పుట్టుకతోనే రావచ్చు. దెబ్బ తగిలినా, బోను ఊచలు కొరికినా రావచ్చు. గోళ్ళ కట్టర్ మాత్రం పట్టుకోకండి, పన్ను నిలువునా చీలుతుంది. కొన్ని వారాలకోసారి డాక్టరే అరగదీయాలి, లేదా ఆ పళ్ళు తీసేయాలి. తీసేశాక కూడా ఆకులు తరిగి పెడితే హాయిగా తింటుంది.

ఒక కన్ను కారడం, దవడ కింద గడ్డ

పంటి వేరు పెరిగి కన్నీటి నాళాన్ని నొక్కుతుండవచ్చు. గడ్డ చీముది కావచ్చు. కంటి చుక్కలతో వారాలు గడపకుండా ఎక్స్‌రే తీయించండి.

సోఫా, చార్జర్ వైరు కొరకడం

ఇది జబ్బు కాదు, కుందేలు బుద్ధి. వైర్లు దాచి జామకొమ్మ ఇవ్వండి, గన్నేరు మాత్రం విషం. కొమ్మతో దవడ పళ్ళు అరుగుతాయని ఆశపడకండి, అది గడ్డి పనే.

మేతా లేదు, పెంటికలూ లేవు

12 గంటలు ఇలా గడిస్తే ప్రాణం మీదికి వస్తుంది, అర్ధరాత్రి అయినా బయలుదేరాల్సిందే. కుందేళ్ళను చూస్తారో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి.