రెండు సంస్కృతుల మధ్య పెరిగే పిల్లలు: వలస వెళ్లిన తల్లిదండ్రులు చేయదగిన పనులు

పరాయి దేశంలో స్థిరపడిన తల్లిదండ్రులను తొలినాళ్ల నుంచీ వేధించే ప్రశ్న, పిల్లలు మనవాళ్లుగా పెరగాలా, ఇక్కడివాళ్లుగా పెరగాలా అన్నది. ఈ ప్రశ్నను ఇంట్లో అడగడం మానుకోవడమే మొదట చేయవలసిన పని. కెనడాకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ బెర్రీ వివరించినట్లు, ఇందులో నిజానికి రెండు వేర్వేరు ప్రశ్నలున్నాయి. తల్లిదండ్రుల సంస్కృతిని ఎంతవరకు నిలుపుకుంటారన్నది ఒకటి, కొత్త సమాజంతో ఎంతవరకు కలిసిపోతారన్నది మరొకటి. ఒకటి పెరిగితే రెండోది తరిగిపోవాలన్న నియమమేమీ లేదు. ఆయన, ఆయన సహచరులు 13 దేశాల్లో 5,000 మందికి పైగా వలస కుటుంబాల కౌమారులను పరిశీలించి 2006లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, రెండు సంస్కృతులతోనూ బంధం ఉన్నవారే మనోస్థైర్యంలోనూ, బడిలో కుదురుకోవడంలోనూ అందరికన్నా మెరుగ్గా ఉన్నారు. దేనితోనూ ముడిపడని పిల్లల పరిస్థితే అన్నిటికన్నా బలహీనంగా కనిపించింది. పిల్లలు ఇక్కడి స్నేహితులకు దగ్గరవుతున్నారని దిగులుపడే తల్లిదండ్రులు ఈ చివరి సంగతిని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి.

ఒకే ఇంట్లో పెరుగుతున్నా అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఒకే స్థితిలో ఉండరు. చిన్న వయసులో వలస వచ్చిన పిల్లలను సమాజ శాస్త్రవేత్త రూబెన్ రుంబాట్ 'ఒకటిన్నర తరం' అన్నారు, అంటే పెద్దయ్యాక వలస వచ్చిన మొదటి తరానికీ ఇక్కడే పుట్టిన రెండో తరానికీ మధ్యవారు. బడి వయసులో వచ్చిన బిడ్డకు వదిలి వచ్చిన ఇల్లు, స్నేహితులు, ఆటలు గుర్తుంటాయి కనుక ఆ బెంగ గురించి మాట్లాడుకునే అవకాశం కల్పించాలి. ఇక్కడే పుట్టిన బిడ్డకు పోగొట్టుకున్నదేమీ లేదు. తల్లిదండ్రులు తలచుకుని బాధపడే చోటు ఆ బిడ్డకు విన్న కథ మాత్రమే. ఇద్దరి నుంచీ ఒకే రకమైన మమకారాన్ని ఆశించడం న్యాయం కాదు.

భాష విషయంలో మాత్రం పట్టుదల అవసరం, ఎందుకంటే స్థానిక భాష బడిలోనూ వీధిలోనూ ఎలాగూ వస్తుంది, మాతృభాషకు ఇల్లు తప్ప వేరే ఆధారం తక్కువ. బెల్జియంలో 1,899 కుటుంబాల వివరాలను విశ్లేషించి భాషాశాస్త్రవేత్త అనిక్ డి హావర్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో, దాదాపు పిల్లలందరూ స్థానిక భాష మాట్లాడుతున్నారు గానీ, ఇంట్లో తల్లిదండ్రులు ఏయే భాషలు వాడుతున్నారన్నదాన్ని బట్టి తల్లిదండ్రుల మరో భాష నిలవడమో జారిపోవడమో జరిగింది. కాబట్టి తల్లిదండ్రులిద్దరూ వీలైనంతవరకు తమ భాషలోనే మాట్లాడాలి. బిడ్డ స్థానిక భాషలో బదులిస్తే కోప్పడకుండా, ఆ జవాబునే మాతృభాషలో సహజంగా తిరిగి చెప్పి సంభాషణ కొనసాగించాలి. తప్పులు దిద్దడం కోసం మాట మధ్యలో ఆపకూడదు, అతిథుల ముందు నిలబెట్టి మాట్లాడి చూపించమనకూడదు. చాలా ఇళ్లలో మాతృభాష 'తిను, పడుకో, అల్లరి చేయకు' అనే మాటలకే పరిమితమై, ఆసక్తికరమైన విషయాలన్నీ స్థానిక భాషలోకి వెళ్లిపోతాయి. అటువంటప్పుడు బిడ్డ దృష్టిలో అది ఆజ్ఞలకూ చీవాట్లకూ పనికివచ్చే భాషగానే మిగిలిపోతుంది. బడిలో చెప్పిన విజ్ఞాన పాఠం, ఇంటి ఖర్చులు, వార్తలు, స్నేహితులతో వచ్చిన తగాదా, ఇవన్నీ మాతృభాషలో చర్చించగలిగినప్పుడే ఆ భాష బిడ్డతో పాటు ఎదుగుతుంది. పెద్ద బిడ్డ బడి భాషను ఇంటికి తెస్తుంది కనుక రెండో బిడ్డకు మాతృభాష వినే అవకాశం సహజంగానే తగ్గుతుంది; ఆ బిడ్డతో విడిగా కూర్చుని చదివించడానికి, కబుర్లు చెప్పడానికి కొంత సమయం కేటాయించాలి.

రెండు భాషల వల్ల మాటలు ఆలస్యమవుతాయన్న భయానికి ఆధారం లేదు. ఒక్కో భాషలో విడిగా లెక్కిస్తే పదాలు తక్కువగా కనిపించవచ్చు గానీ, రెండింటినీ కలిపి చూస్తే తేడా అంతగా ఉండదు. మాటల ఎదుగుదలపై సందేహం వచ్చి నిపుణులను కలిసినప్పుడు రెండు భాషల్లోనూ పరీక్షించమని అడగాలి. ఇంట్లో కూడా స్థానిక భాషే మాట్లాడమని బడిలో ఎవరైనా సలహా ఇస్తే మర్యాదగా నిరాకరించవచ్చు. ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలోని 29వ అధికరణం, బిడ్డ నివసిస్తున్న దేశపు విలువలతో పాటు తల్లిదండ్రుల పట్ల, తన సొంత భాషా సంస్కృతుల పట్ల గౌరవాన్ని పెంచడం కూడా విద్య లక్ష్యమని చెబుతోంది. ఉపాధ్యాయులతో మాట్లాడేటప్పుడు ఈ అధికరణాన్ని ప్రస్తావించడంలో తప్పు లేదు.

నా దృష్టిలో వలస కుటుంబాలు అన్నిటికన్నా ఎక్కువగా ఉపేక్షించే విషయం, పిల్లల చేత దుబాసీ పని చేయించడం. పెద్దలకు స్థానిక భాష సరిగా రాని ఇళ్లలో ఆసుపత్రిలోనూ, బ్యాంకులోనూ, ప్రభుత్వ కార్యాలయంలోనూ పదేళ్ల బిడ్డే ఇంటి పెద్ద తరఫున మాట్లాడుతుంది. దుకాణంలో ఒక వస్తువు గురించి అడగడం, చిన్న ఉత్తరం చదివి చెప్పడం వంటివి బిడ్డకు గర్వాన్నీ నేర్పునూ ఇవ్వగలవు. తల్లికి వచ్చిన జబ్బు గురించి వైద్యులు చెప్పే మాటలు, ఇల్లు ఖాళీ చేయమన్న నోటీసు, వీసా లేదా కోర్టు వ్యవహారం, తల్లిదండ్రుల మధ్య గొడవ, ఇవి మాత్రం ఎన్నడూ పిల్లల నోటి మీదుగా నడవకూడదు. బిడ్డకు ఆ పదాలు తెలియకపోవచ్చు. తెలిసినా, చెడు వార్తను దాచాలనో తగ్గించి చెప్పాలనో అనిపించవచ్చు. తరువాత ఏదైనా పొరపాటు బయటపడితే ఆ భారం జీవితాంతం తనదే అనుకోవచ్చు. ఉపాధ్యాయులతో సమావేశంలో తన గురించిన ఫిర్యాదును తానే అనువదించవలసి రావడం కూడా బిడ్డను ఇరకాటంలో పెట్టడమే. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే దుబాసీ కావాలని ముందుగా అడగాలి. అనేక దేశాల్లో ఆసుపత్రులు, కోర్టులు ఫోన్ ద్వారానైనా ఆ ఏర్పాటు చేస్తాయి. ఆ వీలు లేకపోతే నమ్మకమైన పెద్దవారిని వెంట తీసుకువెళ్లాలి. చిన్న పనికి బిడ్డనే అడగవలసి వచ్చినప్పుడు విషయం ముందే చెప్పి, చిన్న వాక్యాల్లో మాట్లాడి, 'నాకు తెలియదు' అనే హక్కు తనకుందని స్పష్టం చేసి, పని అయ్యాక చేసిన సాయాన్ని గుర్తించి చెప్పాలి.

తల్లిదండ్రులు స్థానిక భాష నేర్చుకోవడం కూడా పిల్లల పెంపకంలో భాగమే. పిల్లలు మాత్రమే వేగంగా నేర్చుకుని, పెద్దలు ప్రతి పనికీ వారిపై ఆధారపడితే ఇంట్లో పెద్దరికం తలకిందులవుతుందని సమాజ శాస్త్రవేత్తలు అలెహాండ్రో పోర్టెస్, రుంబాట్ తమ పరిశోధనల్లో చూపారు. ఆ స్థితిలో తండ్రి విధించే నియమాన్ని బిడ్డ లెక్కచేయడం కష్టం.

ఇంటి నియమాల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. దేశం విడిచి వచ్చిన నాటి పద్ధతులే అక్కడ ఇప్పటికీ ఉన్నాయని వలస వచ్చినవారు అనుకుంటారు, ఈలోగా అక్కడి బంధువుల పిల్లలు ఎంతో మారిపోయి ఉంటారు. ఏదైనా నిషేధించే ముందు, ఆ వయసు పిల్లలు అక్కడ ఇప్పుడు ఎలా ఉన్నారో కనుక్కోవడం మంచిది. స్నేహితుల ఇంట్లో రాత్రి ఉంటానని బిడ్డ అడిగినప్పుడు వెంటనే కాదనకుండా, ఆ ఇంటి పెద్దలతో మాట్లాడి మరునాడు చెబుతాననవచ్చు. ఒప్పుకోకపోతే భద్రతో, చదువో, వయసో, నిజమైన కారణం చెప్పాలి, ఏ వయసులో ఒప్పుకుంటారో కూడా చెప్పాలి. 'మనవాళ్లు ఇలాంటివి చేయరు' అన్నది కారణంగా నిలవదు. సగం ఇక్కడివారైన పిల్లలకు అది తమను బయటకు నెట్టే మాటలా వినిపిస్తుంది. 'మీ కోసమే ఇంత దూరం వచ్చాం' అన్న మాటను కూడా వదిలేయాలని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే తాము అడగని అప్పును తీర్చే దారి పిల్లలకు ఉండదు. ఆ మాటకు బదులు ఎందుకు వచ్చారో, ఏం వదులుకున్నారో, ఏది కలిసి వచ్చిందో, బిడ్డ వయసుకు తగినట్లు నిజాయితీగా చెబితే వింటారు.

పేరును సరిగా పలకడం బడివారికి మొదటి వారంలోనే నేర్పాలి; బిడ్డే పొట్టిపేరు కోరుకుంటే దాన్ని ద్రోహంగా చూడకూడదు. బడిలో వేషభాషల గురించి ఎగతాళి ఎదురైతే, ముందుగా బిడ్డ చెప్పేది పూర్తిగా విని, తేదీలతో సహా రాసుకుని, ఉపాధ్యాయుల దృష్టికి తేవాలి. సెలవులకు వెళ్లినప్పుడు బంధువులే బిడ్డ ఉచ్చారణను చూసి నవ్వితే ఆ గాయం మరింత లోతుగా ఉంటుంది, తనవారు అనుకున్నచోట తగిలింది కనుక. అటువంటప్పుడు తల్లిదండ్రులు అక్కడికక్కడే, బిడ్డ వినేలా, ఆ నవ్వును ఆపాలి. కౌమారంలో కొందరు మాతృభాషనూ ఇంటి పద్ధతులనూ కొంతకాలం పూర్తిగా తిరస్కరిస్తారు. బలవంతపెట్టకుండా తమ వైపు నుంచి మాటలు ఆపకుండా ఉంటే, వారిలో చాలామంది యౌవనంలో తిరిగి ఆసక్తి చూపుతారు.

బిడ్డ ఇంటివారితోనూ, స్నేహితులతోనూ కలవడం మానేసి, నిద్రా భోజనాలు వారాల తరబడి దెబ్బతింటే దాన్ని సంస్కృతి సమస్యగా కొట్టిపారేయకుండా వైద్యులనో, బడిలోని సలహాదారునో కలవాలి. ఆ సంభాషణకు బయటి దుబాసీని కోరాలి; తోబుట్టువుల చేత చెప్పించకూడదు, బిడ్డకు సలహాదారుతో ఒంటరిగా మాట్లాడే సమయం కూడా ఇవ్వాలి.