రోబోకాపీ నడిపేముందు స్లాష్ ఎల్

గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు మాది. సీజన్‌లో కాటా చీట్లు, పట్టీలు స్కాన్ చేసిన ఫోల్డరు రోజూ ఉబ్బిపోతూ ఉంటుంది. రాత్రి కొట్టు కట్టేముందు దాన్ని బయటి డిస్కులోకి ఎక్కించడానికి నోట్‌ప్యాడ్‌లో ఒక్క లైను రాసి, బ్యాట్ ఫైలుగా (డబుల్ క్లిక్ చేస్తే లోపలి కమాండు నడిచే .bat ఫైలు) సేవ్ చేసుకున్నా. విస్టా నుంచి విండోస్‌తో పాటే వస్తున్న రోబోకాపీ (robocopy) అనే ఫైళ్లు కాపీ చేసే కమాండే అది. ముందు అసలు ఫోల్డరు, తర్వాత వెళ్లాల్సిన చోటు, చివర స్లాష్ మిర్ (/MIR).

ఈ మిర్‌తోనే తంటా. రెండో చోటును మొదటిదానికి అచ్చంగా నకలు చేస్తుంది. అంటే మొదటి చోట లేనిది రెండో చోట ఉంటే తుడిచేస్తుంది. రీసైకిల్ బిన్‌లోకి కూడా వెళ్లదు. కొత్త డిస్కు కొన్నరోజు నేను ఆ రెండు చోట్లూ తారుమారు చేసి రాశా. ఖాళీ డిస్కుకు నకలుగా మా ఫోల్డరూ ఖాళీ! పాత డిస్కు ఉండబట్టి బతికిపోయా, ఆ రోజు పట్టీలు మాత్రం మళ్లీ స్కాన్ చేసుకున్నాం.

అందుకే లైను మార్చిన ప్రతిసారీ చివర స్లాష్ ఎల్ (/L) తగిలించి ఒకసారి నడపండి. ఏం చేయబోతోందో జాబితా చూపిస్తుంది తప్ప ఒక్క ఫైలునూ ముట్టుకోదు. అందులో నక్షత్రం గుర్తుతో ‘ఎక్స్‌ట్రా ఫైల్’ అని కనిపించినవే పోబోయేవి. వాటిని చూసి సరే అనుకుంటే ఎల్ తీసేయండి. కింది లైనులో పాజ్ (pause) అని రాయకపోతే జాబితా చదివేలోపే ఆ నల్ల విండో మూసుకుపోతుంది. ఫోల్డరు పేరులో ఖాళీలుంటే కొటేషన్లలో పెట్టడం మర్చిపోకండి.