"సగం తోడేలు" అని అమ్మజూపితే: విశాఖలో కుక్కపిల్లను పోల్చుకునే, పెంచుకునే పద్ధతి

ఫోనుకు ఫొటో పంపి "ఇది సగం తోడేలండి, వైజాగ్‌లో ఇంకొకటి దొరకదు" అని ఎవరైనా బేరం పెడితే అడ్వాన్సు పంపకండి. పిల్లను పగటి వెలుతురులో, తల్లితో సహా చూపించమనండి. తల్లిని చూపించలేని చోట కొననే వద్దు. 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదని 2017 కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనలు చెబుతున్నాయి. కాబట్టి వయసు కూడా మీరే చూసుకోండి. పాలపళ్లు 3, 4 వారాలకు మొలవడం మొదలై, 8 వారాలకు 28 పళ్లూ వచ్చేస్తాయి. దవడ వెనక ఇంకా ఖాళీగా ఉంటే ఆ పిల్ల తల్లి దగ్గరే ఉండాలి.

ఇక తోడేలా కాదా అన్నది. తోడేలు కూనకూ కళ్లు మొదట్లో నీలంగానే ఉంటాయి గానీ, ఎదిగేకొద్దీ పసుపుకో తేనెరంగుకో మారిపోతాయి. నాలుగైదు నెలలొచ్చినా నీలికళ్లే ఉంటే అది హస్కీ (మంచు దేశాల కుక్క జాతి) వైపు నుంచి వచ్చినదే అనుకోవచ్చు. హస్కీ పిల్ల నలుపు తెలుపు ముసుగుతో పుడుతుంది. తోడేలు కూన ఒంటి నిండా ఒకే ముదురు గోధుమ రంగుతో పుట్టి, ముఖం మీద తేడాలు తర్వాత తేలతాయి. తోక వీపు మీదికి చుట్ట తిరిగిందంటే కుక్క. తోడేలు తోక తిన్నగా కిందికి వేలాడుతుంది. వెనక కాలికి లోపలివైపు అదనపు గోరున్నా కుక్కనే అనుమానించాలి. ఎదిగిన తోడేలుకు ఛాతీ ఇరుకు, కాళ్లు పొడుగు, పాదాలు ఒంటికి మించి పెద్దవి. ఇవన్నీ కలిపి చూడాల్సిన గుర్తులు, ఏ ఒక్కటీ రుజువు కాదు. రుజువు కావాలంటే డీఎన్ఏ పరీక్షే.

"75 శాతం తోడేలు", "30 శాతం" అనే లెక్కల్ని నమ్మకండి. తోడేలుకూ కుక్కకూ 78 క్రోమోజోములే, వాటి సంతానం గొడ్డుపోదు. మొదటి ఈత పిల్లలు సగం సగం. వాటిని కుక్కతో దాటిస్తూ పోతే సగటున 25, 12.5, 6.25గా తగ్గుతుంది. అది సగటు మాత్రమే. రెండో తరం నుంచి ఒకే ఈతలో ఒక పిల్ల తోడేలు స్వభావంతో, పక్క పిల్ల కుక్క స్వభావంతో ఉండొచ్చు. 1955లో చెకోస్లొవేకియాలో జర్మన్ షెపర్డ్‌ను కార్పేతియన్ తోడేలుతో కలిపి మొదలుపెట్టిన జాతిని కూడా తరాల తరబడి ఏరి, నిలబెట్టాల్సి వచ్చింది.

నిజంగా తోడేలు కూనే అయితే సంగతి వేరు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మన తోడేలు మొదటి షెడ్యూలులో ఉంది. పట్టినా, ఇంట్లో పెట్టుకున్నా 3 నుంచి 7 ఏళ్ల జైలు. విశాఖ శివారు కంబాలకొండ అడవి అంచు కాలనీల్లో కాలువ పక్కన దొరికే "తోడేలు పిల్ల" నక్క పిల్ల కూడా కావచ్చు. ఏదైనా చేత్తో ముట్టకండి, పాలు పట్టకండి. తల్లి దగ్గర్లోనే ఉండి ఉండొచ్చు. దూరంగా నిలబడి అటవీ శాఖకు ఫోన్ చేయండి. జూ పార్కులో సంతానోత్పత్తి చేయించే రేచుకుక్క వీటన్నిటికీ వేరు. దాని ప్రజాతే వేరు, కుక్కతో కలవదు.

"చిన్నప్పటి నుంచి పెంచితే తోడేలైనా మాలిమి కాదా?" అని చాలామంది అడుగుతారు. మచ్చిక చేయడం ఒక జంతువు జీవితంలో జరిగే పని. పెంపుడు జాతి కావడం తరాల పని. 1959లో రష్యాలోని నొవొసిబిర్స్క్‌లో బెల్యాయెవ్ అనే శాస్త్రవేత్త నక్కల్లో మనిషిని చూసి బెదరని వాటినే ఏరి ఈనించడం మొదలుపెట్టాడు. తరాలు గడిచేకొద్దీ తోక ఊపేవి, చెవులు వాలినవి, మచ్చల బొచ్చువి పుట్టాయి. తోడేలుకు అదే జరగడానికి వేల ఏళ్లు పట్టింది. జర్మనీలోని బాన్-ఒబెర్‌కాసెల్ సమాధిలో మనుషులతో కలిపి పాతిపెట్టిన కుక్క సుమారు 14,000 ఏళ్ల నాటిది.

తేడా ఎక్కడుందో తెలిస్తే పెంపకం తెలిసినట్టే. తోడేలు కూన రెండో వారంలోనే, కళ్లూ చెవులూ సరిగా పనిచేయకముందే, వాసన పట్టుకుని లోకం వెదకడం మొదలుపెడుతుంది. తర్వాత వినిపించే, కనిపించే ప్రతిదీ దానికి కొత్త బెదురే. కుక్కపిల్ల నాలుగో వారానికి, అన్ని ఇంద్రియాలూ తెరుచుకున్నాక బయలుదేరుతుంది. అందుకే 4 నుంచి 12 వారాల మధ్య అది చూసినవన్నీ తనవనుకుంటుంది. ఈ వయసు దాటిపోయాక ఏడాది కష్టపడినా అంత పని జరగదు.

మీ వీధిలో ఈనిన కుక్క ఉంటే, మాకు తెలిసినంతలో దాని పిల్లే మన ఊరి ఉక్కకు సరైనది. 4వ వారం నుంచి తల్లి దగ్గరే రోజుకు మూడుసార్లు, రెండేసి నిమిషాలు చేతిలోకి తీసుకుని చెవులు, పాదాలు, నోరు తడమండి. 8 వారాలు నిండాక ఇంటికి తెచ్చుకోండి. 6 నుంచి 8 వారాల మధ్య మొదటి టీకా, 16 వారాల వరకు 3, 4 వారాలకొకసారి బూస్టరు, 12 వారాలకు రేబిస్. నట్టల మందు 2వ వారం నుంచి రెండేసి వారాలకు, తూకాన్ని బట్టి డాక్టరు చెప్పిన మోతాదులో. టీకాలు పూర్తయ్యేదాకా వీధికుక్కలు తిరిగే నేల మీద దించకండి, పార్వో అనే వైరస్ జబ్బు పడుతుంది. అలాగని ఇంట్లో కట్టేసినా తప్పే. బుట్టలోనో చంకలోనో పెట్టుకుని ఆర్టీసీ కాంప్లెక్సు హారన్లు, రైతుబజారు జనం, ఆర్కే బీచ్ అలల హోరు, గొడుగులు, హెల్మెట్లు, ముసలివాళ్ల చేతికర్రలు చూపించండి. దీపావళి టపాసులు, నేవీ విమానాల మోత దీనికి తప్పవు. ముందే ఫోనులో ఆ శబ్దాలు సన్నగా పెట్టి, తినిపిస్తూ వినిపించి, రోజుకింత పెంచండి. చెవులు వెనక్కి వాల్చి తిండి మానేసిందంటే మోత ఎక్కువైంది, తగ్గించండి.

తిండి సంగతి. పిండిపదార్థం అరిగించే జన్యువు తోడేలుకు మామూలుగా రెండు ప్రతులుంటే, చాలా కుక్కలకు అంతకు ఎన్నో రెట్లుంటాయి. గంజీ చోడి అంబలీ తాగి మన వీధికుక్కలు బతకగలుగుతున్నది అందుకే. అయినా అవి ఒక్కటే పెడితే పిల్ల ఎదగదు. 3 కిలోల పిల్లకు రోజుకు ఉడికిన బోన్‌లెస్ చికెన్ 100 గ్రాములు, గుడ్డు ఒకటి, అన్నం 150 గ్రాములు, పెరుగు రెండు మూడు చెంచాలు, నాలుగు పూటలుగా. ఇందులో కాల్షియం చాలదు, మందు డాక్టరునడిగి వాడండి. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, చాక్లెట్, ఉడికించిన ఎముకలు వద్దు. పూటకోసారి గిన్నెలో తింటుండగా చేత్తో ఒక చికెన్ ముక్క వేస్తూ ఉండండి. గిన్నె దగ్గరికి చెయ్యి వస్తే గుర్రుమనే అలవాటు పడదు.

హస్కీని తెచ్చేసుకున్నవాళ్లకు ఒక మాట. కుక్క వేడి తగ్గించుకునేది రొప్పడం వల్ల, మన తీరంలో గాలిలో తేమ ఆ దారిని సగం మూసేస్తుంది. ఉదయం ఆరులోపు, రాత్రి ఎనిమిది దాటాకే నడిపించండి. అరచేతి వెనకభాగం ఐదు సెకన్లు ఆనించలేని రోడ్డు మీద నడిపించవద్దు. ఆగకుండా రొప్పుతూ, చొల్లు చిక్కబడి, చిగుళ్లు బాగా ఎర్రబడితే మామూలు కుళాయి నీళ్లతో పొట్ట, గజ్జలు తడిపి ఫ్యాను పెట్టండి. ఒంటి వేడి 39.5 డిగ్రీల సెల్సియస్‌కు దిగాక తడపడం ఆపి, కుదుటపడినట్టు కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.