యుద్ధ శరణార్థులకు నర్సింగ్ సేవ – 4వ పాఠం: చెయ్యి వేసే ముందు

దుభాషీని పెట్టుకుని మాట్లాడటం మూడో పాఠంలో చూశాం. ఇప్పుడు పేషెంటును ముట్టుకునే ముందు ఏం చెప్పాలో, ఎలా చెప్పాలో నేర్చుకుందాం.

మనకి రోజూ చేసే పని కాబట్టి బీపీ పట్టీ బిగుస్తుంటే భయపడేదేముంది అనిపిస్తుంది. నిర్బంధంలో చేతులు కట్టేయగా రోజులు గడిపిన మనిషికి ఆ బిగింపు వేరు. కరెంటు షాకులు తిన్నవాళ్లకి ఛాతీ మీద వైర్లు వేరు. గడియ పెట్టిన తలుపు, కళ్లలో పడే లైటు, కదలకుండా అదిమి పట్టుకునే చేతులు కూడా అంతే. ఎవరికేం జరిగిందో మనకి తెలియదు. ఈసీజీ తీయడానికి తెలియాల్సిన పనీ లేదు. "మిమ్మల్ని హింసించారా?" అని పరిచయంలోనే అడక్కండి, అందరి దగ్గరా ఒకే జాగ్రత్త పాటించండి.

ఈసీజీతోనే సాధన చేద్దాం. పేషెంటు ఆయనేనా అని చూసుకునేటప్పుడు పుట్టినతేదీని మరీ నమ్ముకోకండి. అసలు తేదీ తెలియని శరణార్థులు చాలామందికి రికార్డుల్లో జనవరి 1 అనే ఉంటుంది. ఒకే వార్డులో ఇద్దరికి అదే తేదీ పడొచ్చు. పూర్తి పేరు, ఫైలు నంబరు కలిపి చూడండి.

మిషన్ ఆన్ చేయకముందే ఒక ఎలక్ట్రోడు ఆయన చేతికివ్వండి. తిప్పి చూసుకోనివ్వండి. అప్పుడు చెప్పండి: "ఇలాంటివి 10 అతికిస్తాను. ఛాతీ మీద 6, చేతులకీ కాళ్లకీ కలిపి 4. వీటిలోంచి మీ ఒంట్లోకి కరెంటు రాదు. గుండెలో పుట్టే సంకేతాన్ని మిషన్ రాసుకుంటుంది, అంతే. ఆపాలనిపిస్తే వేలు ఎత్తండి."

చెయ్యి ఎత్తమనకపోవడానికి కారణం ఉంది. చేతులు వెనక్కి విరిచి వేలాడదీసిన వాళ్లకి భుజాలు లేవకపోవచ్చు. వేలు ఎత్తితే నిజంగానే ఆపాలి. "అయిపోయింది, ఒక్క నిమిషం" అన్నారా, ఇక మీ మాట చెల్లదు.

గదిలో ఎవరుండాలో పేషెంటునే అడగండి. పేరు చూసో మతం చూసో మనమే తేల్చేయకూడదు. ఒకావిడ ఆడ నర్సే కావాలనొచ్చు. ఇంకొకావిడకి నర్సు ఎవరైనా ఫర్వాలేదు గానీ, యుద్ధంలో అవతలి పక్షానికి చెందిన దుభాషీ వద్దనొచ్చు. అలాంటప్పుడు ఫోన్లో మరో దుభాషీని పెట్టుకోవచ్చు.

మెడలో లోహపు తాయెత్తు ఉంటే, ఈసీజీకి తీయించక్కర్లేదు. ఎమ్మారై మిషన్‌లో బలమైన అయస్కాంతం ఉంటుంది కాబట్టి దానికి మాత్రం తీయాల్సిందే, తాయెత్తుని ఎవరి దగ్గర ఉంచాలో ఆయనతోనే మాట్లాడి తేల్చుకోవాలి. ఒంట్లో తూటా ముక్క, బాంబు ముక్క ఉండిపోయిందేమో అని కూడా అడగాలి. భిన్న సంస్కృతుల నర్సింగ్‌కి పునాది వేసిన మాడలీన్ లైనింజర్ మూడు దారులు చెప్పారు: అలవాటును అలాగే ఉంచడం, ఇద్దరూ కలిసి సర్దుబాటు చేసుకోవడం, హాని ఉన్నచోట పేషెంటు ఒప్పుకోలుతో మార్చడం. ఈసీజీ దగ్గర మొదటిది, ఎమ్మారై దగ్గర రెండోది. మూడోదాని జోలికి తొందరపడి వెళ్లే నర్సులే ఎక్కువని నా అభిప్రాయం.

ఇంత చెప్పడానికి టైమెక్కడిది అంటారా? ఛాతీ నొప్పితో వచ్చినవాళ్లకి 10 నిమిషాల్లో ఈసీజీ తీయాలన్నది నియమం. పైన రాసిన మాటలకి, దుభాషీతో కలిపినా, మహా అయితే రెండు నిమిషాలు. వణికే ఒంటి మీద తీస్తే గీతలు చిందరవందరగా వచ్చి మళ్లీ తీయాల్సి వస్తుంది.

మధ్యలో ఆయన చూపు ఎటో నిలిచిపోయి, చెమటలు పట్టి, ఊపిరి వేగం పెరిగితే ముందు మీ చేతులు తీసేయండి. ఓదార్పుగా భుజం కూడా పట్టుకోకండి. పట్టుకోవడానికి నలుగురినీ పిలవకండి. పేరుతో పిలిచి, "ఇది ఆసుపత్రి. నేను నర్సుని. ఇక్కడ మీకు ప్రమాదం లేదు" అని నెమ్మదిగా చెప్పండి. దాంతోపాటే ఆ చెమట, ఆ ఊపిరి గుండె జబ్బువి కూడా కావచ్చని గుర్తుపెట్టుకుని డాక్టరుకి కబురు పెట్టండి. తేరుకున్నాక కేస్ షీట్లో "సహకరించలేదు" అని రాయకండి. ఏ పని దగ్గర ఆగిపోయారో, ఏం చేస్తే తేరుకున్నారో రాయండి. తర్వాతి డ్యూటీ నర్సుకి పనికొచ్చేది అదే.

ఈ వారం అభ్యాసం: తోటి నర్సుని కళ్లు మూసుకుని పడుకోబెట్టి, ముందే చెప్పి బీపీ చూడండి. తర్వాత మీరు పడుకోండి. ఏ మాట దగ్గర ఊపిరి తేలికపడిందో ఇద్దరూ చెప్పుకోండి. ఆ తర్వాత రక్తం తీయడానికి, కట్టు మార్చడానికి మీ సొంత మాటలు ఐదారు వాక్యాల్లో రాసుకోండి. అయిదో పాఠంలో నొప్పి గురించి అడగడం చూద్దాం, అక్కడ ఈ వాక్యాలు కావాలి.