నగరం మింగిన సహజ భూమిని ఎలా కొలవాలి?

హైదరాబాద్‌కు పడమర, గచ్చిబౌలి నుంచి కోకాపేట దాకా, ముప్పై ఏళ్లలో ఎంత నేల కాంక్రీటు కిందికి పోయిందో ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చునే లెక్కగట్టవచ్చు. ఉపగ్రహ చిత్రాలూ, క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేరూ ఉచితంగానే దొరుకుతాయి.

మొదట ఏది సహజ భూమో తేల్చుకోవాలి. అసలు కష్టమంతా ఇక్కడే ఉంది. పచ్చగా కనిపించేదే సహజమనుకుంటే అపార్టుమెంట్ల మధ్య పచ్చికబయలు లెక్కలోకి వస్తుంది, గ్రానైటు గుండ్లూ వాటి సందుల్లోని సీతాఫలం పొదలూ జారిపోతాయి. అందువల్ల నీరు, చెట్లూ పొదలూ, రాతి నేల, సాగుభూమి, కట్టడాలు అని ఐదు తరగతులు పెట్టుకోవడం మేలు. చెరువును మాత్రం చిత్రంలో కనిపించే నీటితో కాక పూర్తి నీటిమట్టం హద్దుతో గీయాలి, లేకుంటే వానలు లేని ఏడాది ఎండిన శిఖం భూమి (చెరువు లోపలి నేల) కూడా చెరువు పోయినట్టే తేలుతుంది.

ఆ తర్వాత కొలిచే ప్రాంతానికి ఒక హద్దు గీసి, రెండు కాలాలకూ దాన్నే వాడాలి. 1990ల నాటి స్థితికి ల్యాండ్‌శాట్-5, నేటి స్థితికి ల్యాండ్‌శాట్-8 ఉపగ్రహాల చిత్రాలు సరిపోతాయి. రెండింటినీ ఒకే నెలలో, వీలైతే మబ్బులు తక్కువగా ఉండే డిసెంబరులో తీసినవిగా ఎంచుకోవాలి; ఏప్రిల్‌లో ఆకు రాల్చిన పొద బీడులా కనిపిస్తుంది.

ఇప్పుడు ఒక్కో తరగతికి కొన్ని నమూనా చోట్లు గుర్తించి, మిగతా చిత్రాన్ని సాఫ్ట్‌వేరుతో వర్గీకరింపజేయాలి. బట్టబయలు బండకూ కాంక్రీటు కప్పుకూ తేడా తెలియక అది తరచూ పొరబడుతుంది కాబట్టి, గూగుల్ ఎర్త్‌లోని పాత చిత్రాలతో పోల్చి దిద్దక తప్పదు.

రెండు మ్యాపులనూ ఒకదానిపై ఒకటి పరిచి, ఏది ఏదిగా మారిందో పట్టిక తీయాలి. నికర తగ్గుదల ఒక్కటే చూస్తే ఒకచోట పోయిన పొద, మరోచోట బీడుపడిన పొలంలో మొలిచిన పొదతో సరితూగి, నష్టం మరుగున పడుతుంది. ల్యాండ్‌శాట్ పిక్సెల్, అంటే చిత్రంలోని ఒక్కో చుక్క, నేల మీద 30 మీటర్ల చదరం, అంటే 900 చదరపు మీటర్లు. రాతి నేల నుంచి కట్టడాలుగా మారినవి 1,000 పిక్సెళ్లయితే 90 హెక్టార్లు, సుమారు 222 ఎకరాలు. 2015 తర్వాతి మార్పు చాలనుకుంటే సెంటినెల్-2 అనే మరో ఉపగ్రహం చిత్రాలు వాడవచ్చు. దాని పిక్సెల్ 10 మీటర్ల చదరం, మన లెక్కలో దాదాపు ఒక గుంట.

చివరగా తరగతికి కనీసం 50 బిందువులను యాదృచ్ఛికంగా తీసి, మ్యాపు చెప్పినదీ అక్కడ నిజంగా ఉన్నదీ సరిచూడాలి. ఎన్ని తప్పాయో ఎకరాల అంకె పక్కనే రాయాలి.