స్లీప్ పెరాలసిస్ వచ్చినప్పుడు ఏం చేయాలి?

మెలకువ వచ్చినట్టు, గది కనిపిస్తున్నట్టు స్పష్టంగా తెలుస్తూనే ఉండి, చేయి కదలక, నోరు పెగలక కొన్ని క్షణాలు నిస్సహాయంగా పడి ఉండే స్థితిని స్లీప్ పెరాలసిస్ అంటారు. చాలా ఏళ్లుగా ఇది నాకు వస్తూ ఉన్నందువల్ల, దీని గురించి చెలామణిలో ఉన్న సలహాలను దాదాపు అన్నింటినీ స్వయంగా పాటించి చూశాను. గట్టిగా అరవమనీ, ఒక్క ఊపున లేచి కూర్చోమనీ, నిండుగా ఊపిరి పీల్చమనీ చెప్పే మూడు సలహాలూ ఆ క్షణంలో శరీరానికి సాధ్యం కాని పనులనే అడుగుతాయి. అవి విఫలమైన కొద్దీ భయం రెట్టింపవుతుంది. అయినా ఇవే సలహాలు మళ్లీ మళ్లీ కనిపిస్తుండటం బాధ కలిగిస్తుంది.

కింద చెప్పే పద్ధతికి ప్రత్యేకమైన సామగ్రి ఏమీ అక్కరలేదు. పడక పక్కన చేతికి అందే దీపం, ఒక నోటు పుస్తకం ఉంటే చాలు.

మొదటి పని, జరుగుతున్నది ఏమిటో పగటిపూటే తెలుసుకొని ఉండటం. కలలు ముమ్మరంగా వచ్చే దశను రెమ్ నిద్ర అంటారు. 1953లో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనే శాస్త్రవేత్తలు దీనిని వివరించారు. ఈ దశలో మనం కలలోని పనులను నిజంగా చేయకుండా, మెదడు అడుగుభాగమైన మెదడు కాండం నుంచి వెలువడే సంకేతాలు చేతులు, కాళ్లు, మెడ, ఛాతీ కండరాలను సడలించి ఉంచుతాయి. కనుగుడ్లను తిప్పే కండరాలు, ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండి శ్వాసను నడిపే విభాజక పటలం (డయాఫ్రమ్) మాత్రం పనిచేస్తూనే ఉంటాయి. ఒక్కొక్కసారి ఈ సడలింపు తొలగకముందే స్పృహ వచ్చేస్తుంది, లేదా నిద్రలోకి జారుతున్నప్పుడు స్పృహ పోకముందే సడలింపు మొదలవుతుంది. మామూలుగా కొన్ని సెకన్ల నుంచి రెండు మూడు నిమిషాలలో అది దానంతట అదే విడిపోతుంది. అనేక అధ్యయనాలను కలిపి 2011లో వెలువడిన ఒక సమీక్ష ప్రకారం, జీవితంలో ఒక్కసారైనా దీనిని అనుభవించినవారు సాధారణ జనాభాలో దాదాపు 8 శాతం, విద్యార్థులలో దాదాపు 28 శాతం ఉన్నారు.

భయపెట్టే దృశ్యాల గురించి కూడా ముందే తెలుసుకొని ఉండాలి. కల ఇంకా పూర్తిగా ఆగనందువల్ల, దానిలోని ముక్కలు కళ్లెదుటి గది మీద పరుచుకుంటాయి. గదిలో ఎవరో ఉన్నారన్న బలమైన అనుమానం, అడుగుల చప్పుడు, తలుపు దగ్గర నల్లని ఆకారం కొందరికి కలుగుతాయి. కొందరికి గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు, గొంతు నొక్కుతున్నట్టు ఉంటుంది. మరికొందరు తేలిపోతున్నట్టు, శరీరం నుంచి బయటికి వచ్చి తమను తాము చూసుకుంటున్నట్టు చెబుతారు. హెన్రీ ఫ్యూసెలీ 1781లో చిత్రించిన ప్రసిద్ధ చిత్రంలో, నిద్రలో ఉన్న స్త్రీ ఛాతీ మీద ఒక వికృతాకారం కూర్చొని ఉంటుంది. ఈ అనుభవాన్ని ఎరిగినవారికి ఆ బొమ్మను ఎవరూ వివరించనక్కరలేదు. అనుభవం అబద్ధం కాదు, అక్కడ మనిషి ఉన్నాడన్నది మాత్రమే అబద్ధం. కనుక దీనిని ఎవరైనా చెప్పుకున్నప్పుడు కొట్టిపారేయడం గానీ, దయ్యమని నిర్ధారించడం గానీ వారికి మేలు చేయదు.

రెండవ పని, వచ్చిన మరుక్షణం కళ్లు మూసుకోవడం. ఆకారం ఏమిటో తేల్చుకోవాలని చూసేవారికి అది మరింత స్పష్టమవుతుంది. ఈ విషయంలో మినహాయింపులు లేవు, కళ్లు మూసే తీరాలి.

మూడవది శ్వాస. అందరూ తడబడేది ఇక్కడే కనుక దీనిని నిదానంగా చదవండి. రెమ్ దశలో పక్కటెముకల మధ్య కండరాలు సడలిపోయి ఉంటాయి కాబట్టి శ్వాస దాదాపుగా విభాజక పటలం మీదే ఆధారపడుతుంది, పైగా అది మీ ప్రమేయం లేకుండా నడుస్తుంది. అప్పుడు మీరు ఛాతీని పైకి లేపి నిండుగా పీల్చాలని ప్రయత్నిస్తే ఛాతీ లేవదు. లేవకపోవడాన్ని మెదడు ఎవరో అదిమిపెట్టినట్టుగా అర్థం చేసుకుంటుంది. ఊపిరి ఆడటం లేదన్న భయం పుడుతుంది, ఆ భయంతో మరింత బలంగా ప్రయత్నిస్తారు, బరువు ఇంకా పెరిగినట్టు తోస్తుంది. నిజానికి ఆ సమయమంతా గాలి లోపలికి వెళ్తూనే, బయటికి వస్తూనే ఉంటుంది.

అందువల్ల శ్వాసను మార్చాలని ప్రయత్నించకూడదు, లెక్కపెట్టకూడదు, పొడిగించకూడదు. దానిని గమనించాలి, అంతే. పీల్చే గాలిని వదిలేసి, బయటికి వెళ్లే గాలి ముక్కు అంచును తాకడం మీద మాత్రమే దృష్టి పెట్టండి. బయటికి వెళ్లే గాలికి కండరాల బలం అవసరం లేదు, కనుక అక్కడ మీకు ఏ అడ్డూ ఎదురుకాదు. ఆ ఊపిరితో పాటు భుజాలను పరుపు మీదికి వదిలేస్తున్నట్టు భావించండి. మీ శరీరం ఎలాగూ సడలి ఉంది, మీరు దానితో ఏకీభవిస్తున్నారన్నమాట. 2016లో బాలాండ్ జలాల్ అనే పరిశోధకుడు ప్రతిపాదించిన పద్ధతిలో కూడా పెనుగులాడకుండా కండరాలను వదిలేయడం, దృష్టిని భయం నుంచి లోపలికి మళ్లించడం ముఖ్యమైన మెట్లు. దీనిని మొదటిసారి రాత్రివేళ ప్రయత్నిస్తే కుదరదు. పగలు వెల్లకిలా పడుకొని, ఏమీ కదపకుండా, బయటికి వెళ్లే గాలిని గమనించడం కొన్నాళ్లు అలవాటు చేసుకున్నవారికే అవసరమైనప్పుడు అది గుర్తుకు వస్తుంది.

మనసు కుదుటపడ్డాక మాత్రమే కాలి బొటనవేలిని కొద్దిగా కదపండి. చేతి వేలు కాదు, కాలి వేలే. చేతిని తలచుకోగానే లేవాలన్న ఆత్రం వస్తుంది. ఒక వేలు కదిలిందంటే మిగిలినది త్వరగానే విడిపోతుంది.

విడిపోయాక అదే భంగిమలో తిరిగి నిద్రపోవద్దు. వెంటనే మళ్లీ రెమ్ నిద్రలోకి జారితే ఇదే పునరావృతం కావచ్చు. దీపం వేసి, లేచి నాలుగు అడుగులు నడిచి, ఎన్ని గంటలకు వచ్చిందో, ఏ భంగిమలో ఉన్నారో పుస్తకంలో రాసి, పక్కకు తిరిగి పడుకోండి. కొన్ని వారాల రాతలు చూస్తే కారణం సాధారణంగా బయటపడుతుంది. తక్కువ నిద్ర, వేళ తప్పిన నిద్ర, రాత్రి షిఫ్టులు, ఆందోళన, వెల్లకిలా పడుకోవడం దీనిని పెంచుతాయి. ఒకే గదిలో నిద్రించేవారికి ముందే చెప్పి ఉంచితే, మీ మూలుగు వినగానే వారు భుజం తట్టి పిలవగలరు.

అప్పుడప్పుడూ వచ్చిపోయే దానికి వైద్యం అక్కరలేదు. కానీ పగటిపూట ఆపుకోలేని నిద్రమత్తు, నవ్వినప్పుడో ఉద్వేగానికి లోనైనప్పుడో మోకాళ్లు వంగిపోవడం తోడైతే అది నార్కొలెప్సీ అనే నిద్ర జబ్బు కావచ్చు కనుక నిద్ర వైద్యులను కలవాలి. పెద్ద గురక, నిద్రలో ఊపిరి ఆగడం ఉన్నా కలవాలి. పూర్తిగా మేల్కొన్న తరువాత కూడా శరీరంలో ఒక పక్క బలహీనంగా ఉన్నా, మూతి వంకర పోయినా, మాట తడబడినా అది స్లీప్ పెరాలసిస్ కాదు. ఒక్క నిమిషం కూడా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.